తక్కువ ఖర్చుతో స్కాచ్ టేస్టింగ్: కొత్తవారితో కలిసి రుచి చూసేందుకు సమగ్ర మార్గదర్శి

స్కాచ్ విస్కీ రుచి తెలుసుకోవాలని ముచ్చటపడేవారు చాలామంది ముందుగా చేసే పని, డబ్బు కూడబెట్టి ఒక ఖరీదైన సీసా కొనడం. ఆ ఒక్క సీసాను ముందు పెట్టుకుని నలుగురు కూర్చుంటే "బాగుంది", "ఘాటుగా ఉంది" అన్న రెండు మాటలతో చర్చ ముగిసిపోతుంది, ఎందుకంటే దేనితో పోల్చి చెప్పాలో ఎవరికీ తెలియదు. అదే డబ్బుతో ఒకదానికొకటి పోలికే లేని మధ్యరకం సీసాలు రెండు మూడు తెచ్చి పక్కపక్కన పోసి ఇస్తే, విస్కీ అలవాటు లేని మనిషి కూడా ఒక గ్లాసులో తేనెను, మరో గ్లాసులో పొగను పసిగడతాడు. పాఠం అంతా ఆ తేడాలోనే ఉంది. అందువల్ల ఏ సీసా కొనేముందైనా వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: దాని పక్కన ఉండబోయే సీసా చెప్పని విషయం ఏదైనా ఇది చెబుతుందా?

ముందు లెక్క తేల్చుకోవాలి

ఎనిమిది మంది, ఐదు రకాలు, ఒక్కో రకం మనిషికి 15 మిల్లీలీటర్లు. కొత్తవారి బృందానికి నేను సూచించే కొలత ఇది. ఎనిమిది మంది దాటితే మాటలు రెండు మూడు గుంపులుగా చీలిపోతాయి. నలుగురికంటే తగ్గితే ఖర్చు ఒక్కొక్కరి మీద బరువుగా పడుతుంది. ఐదు రకాలు దాటిన తరువాత ముక్కు అలసిపోతుంది, ఆరోదాని గురించి రాసుకున్నదానిలో నమ్మదగినది పెద్దగా ఉండదు. పెగ్గుల లెక్కకు అలవాటుపడినవారికి 15 మిల్లీలీటర్లు మరీ పిసినారి కొలతగా తోచవచ్చు గాని, రెండు సార్లు వాసన చూసి మూడు చిన్న గుటకలు వేయడానికి, చివరలో కాస్త నీళ్లు కలిపి మళ్లీ చూడటానికి అది సరిగ్గా సరిపోతుంది.

ఈ కొలతతో ఒక్కొక్కరు మొత్తం మీద తాగేది 75 మిల్లీలీటర్లు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ అయితే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ 30 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 24 గ్రాములు. బ్రిటన్‌లో వాడే యూనిట్ల లెక్కలో మూడు యూనిట్లు. రెండు గంటల వ్యవధిలో, కడుపులో తిండి ఉండగా తీసుకుంటే ఇది మత్తుకు చాలా దూరంలో ఉంటుందని అనుకోవడం మాత్రం పొరపాటు, మనిషిని బట్టి మారుతుంది. అందుకే వాహనం నడపవలసినవారు ఎవరూ లేకుండా ముందే చూసుకోవాలి, లేదా వారు వాసన చూడటంతో సరిపెట్టుకోవాలి. మందులు వాడుతున్నవారిని, గర్భిణులను, తాగడం ఇష్టం లేనివారిని బలవంతపెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. 700 మిల్లీలీటర్ల సీసాలో ఎనిమిది మందికి పోయగా అయ్యేది 120 మిల్లీలీటర్లే. ఐదు నిండు సీసాలు కొంటే 3,500 మిల్లీలీటర్లు కొన్నట్టు, 600 తాగినట్టు, 2,900 మిగిలినట్టు. కొత్తగా ఏర్పాటు చేసేవారి బడ్జెట్ తలకిందులయ్యేది ఇక్కడే, ఎందుకంటే మిగిలిన ఆ 2,900 మిల్లీలీటర్లకు కూడా ఆతిథేయుడే డబ్బు కట్టి అల్మారాలో పెట్టుకుంటాడు. దీనికి మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, నాకు అన్నిటికంటే నచ్చినది, మొత్తం ఖర్చును ఎనిమిది భాగాలు చేసి మిగిలిన విస్కీని కూడా ఎనిమిది భాగాలుగా పంచుకోవడం. ఒక్కొక్కరు సుమారు 437 మిల్లీలీటర్లకు డబ్బు కట్టి, 75 అక్కడే రుచి చూసి, 362 ఇంటికి తీసుకెళ్తారు. ఐదు రకాలూ ఒక్కొక్కటి 72 మిల్లీలీటర్ల చొప్పున చిన్న గాజు సీసాల్లో ఇంటికి వస్తాయి కాబట్టి, ఎవరూ తమ డబ్బు వృథా అయిందని అనుకోరు. రెండో దారి మినియేచర్లు అనే 50 మిల్లీలీటర్ల బుల్లి సీసాలు. ఒక్కో మినియేచర్‌లో మూడు కొలతలు వస్తాయి, ఎనిమిది మందికి రకానికి మూడు చాలు. మిల్లీలీటరు ధర చూస్తే నిండు సీసాకంటే ఇవి ఖరీదే, కానీ చేతి నుంచి బయటికి పోయే మొత్తం బాగా తగ్గుతుంది. మూడోది, తలా ఒక సీసా తెచ్చుకోవడం. ఇందులో ఒక మెలిక ఉంది. "మీకు నచ్చినది తీసుకురండి" అని చెబితే ముగ్గురు ఒకే బ్రాండ్ పట్టుకొస్తారు. ఎవరు ఏ రకం తేవాలో ఆతిథేయుడే పేరుతో సహా నిర్ణయించి, వచ్చే ఎనిమిది మందిలో ఐదుగురు సీసాలు, మిగిలిన ముగ్గురు తిండి, నీళ్లు, గ్లాసులు చూసుకునేలా పని పంచాలి.

ఏ సీసాలు ఎంచుకోవాలి

స్కాట్లాండ్‌లో తయారై, అక్కడే ఓక్ చెక్క పీపాల్లో కనీసం 3 సంవత్సరాలు నిలవ ఉండి, కనీసం 40 శాతం ఆల్కహాల్‌తో సీసాకెక్కినదే స్కాచ్ అవుతుంది. 2009 నాటి బ్రిటన్ నిబంధనలు దీన్ని ఐదు తరగతులుగా విడదీశాయి: సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్ స్కాచ్. మాల్ట్ అనే మొలకెత్తించిన బార్లీని మాత్రమే వాడి, ఒకే డిస్టిలరీలో రాగి కుండల్లాంటి పాట్ స్టిల్స్‌లో కాచినది సింగిల్ మాల్ట్. గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాలతో, సాధారణంగా ఎత్తైన కాలమ్ స్టిల్‌లో ఆగకుండా కాచేది గ్రెయిన్ విస్కీ. ఏనియస్ కాఫీ అనే వ్యక్తి 1830లో పేటెంట్ తీసుకున్న స్టిల్ ఆ పద్ధతిని నిలబెట్టింది. తక్కువ ఖర్చుతో ఎక్కువ విస్కీ వచ్చేది ఈ దారిలోనే. బ్లెండెడ్ స్కాచ్ ఈ రెండింటి కలయిక, కాబట్టే చౌక. చౌక అన్నంత మాత్రాన దాన్ని చిన్నచూపు చూసి జాబితా నుంచి తీసేయవద్దు. మొదటి గ్లాసుగా అది లేకపోతే తరువాతి నాలుగింటిలో మాల్ట్ ఏం చేస్తోందో తెలియదు.

హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, ఐలా, క్యాంప్‌బెల్‌టౌన్ అనే ఐదు ప్రాంతాల నుంచి ఒక్కొక్కటి తెచ్చి పెట్టడం చాలామంది అనుసరించే పద్ధతి. కొత్తవారికి ఇది అంతగా ఉపయోగపడదని నా అభిప్రాయం. ఐలా అనగానే పొగ అని చెబుతారు, కానీ అదే దీవిలోని బునహావెన్ 12 సంవత్సరాల విస్కీలో పొగ ఉండదు. హైలాండ్ ప్రాంతపు ఆర్డ్‌మోర్‌లో ఉంటుంది. ప్రాంతం పేరు పటంలో చోటు చెబుతుంది గాని గ్లాసులో ఏముందో కచ్చితంగా చెప్పదు. తయారీలో ఏ పని వల్ల ఏ రుచి వచ్చిందో దాన్ని బట్టి ఎంచుకుంటే, ఐదు గ్లాసులూ ఒకదాని తరువాత ఒకటి కథ చెప్పినట్టు సాగుతాయి.

ఆ లెక్కన మొదటి గ్లాసు మామూలు బ్లెండెడ్ స్కాచ్. రెండోది అమెరికన్ బర్బన్ విస్కీ నిలవ ఉంచిన పాత పీపాల్లో పెరిగిన తేలికపాటి సింగిల్ మాల్ట్; గ్లెన్ గ్రాంట్, గ్లెన్‌మోరాంజీ వంటివాటి తొలి మెట్టు సీసాలు ఇందుకు సరిపోతాయి. మూడోది స్పెయిన్ షెర్రీ వైన్ ఉంచిన పీపాల ప్రభావం గట్టిగా ఉన్నది. గ్లెన్‌ఫార్క్లాస్ 10 లేదా అబెర్లావర్ 12 చూడండి (పేరు పక్కన ఉన్న అంకె విస్కీ వయసు, సంవత్సరాల్లో). ఈ రెండో, మూడో గ్లాసుల మధ్య ప్రధానమైన తేడా పీపాదే కాబట్టి, విస్కీ రుచిలో చెక్క వాటా ఎంతో ఈ జంట చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. నాలుగోది మధ్యస్థంగా పొగ ఉన్నది. స్కై దీవిలోని టాలిస్కర్ 10, ఇందులో ఆల్కహాల్ 45.8 శాతం. ఐదోది పొగ కుండలా ఉండే ఐలా మాల్ట్. లఫ్రోయిగ్ 10, ఆర్డ్‌బెగ్ 10, కావుల్ ఈలా 12 లో ఏది దొరికితే అది.

పొగ ఎక్కడ నుంచి వస్తుందని తప్పకుండా ఎవరో అడుగుతారు. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకుని గట్టిపడిన పీట్ అనే వృక్షపదార్థాన్ని పలకలుగా కోసి, ఎండబెట్టి, మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు దానితో పొగ పెడతారు. పొగలోని ఫీనాల్స్ అనే ఘాటు వాసన రసాయనాలు గింజకు పడతాయి. ఆర్డ్‌బెగ్ వాడే మాల్ట్‌లో ఇవి మిలియన్‌కు సుమారు 55 భాగాలు ఉంటాయి. అయితే ఇది గింజలో కొలిచిన అంకె, కాచేటప్పుడు అందులో చాలా భాగం పోతుంది.

బడ్జెట్ ఇంకా బిగువుగా ఉంటే నాలుగో గ్లాసుకు బదులు పొగ తగిలే బ్లెండ్ పెట్టవచ్చు. టీచర్స్‌లో ఆర్డ్‌మోర్ మాల్ట్ ఉంటుంది, జానీ వాకర్ బ్లాక్ లేబుల్‌లోనూ పొగ సన్నగా వినిపిస్తుంది. అనవసరంగా డబ్బు పోయే చోట్లు కూడా తెలిసి ఉండాలి. సీసా మీద వేసిన వయసు అందులోని అతి చిన్న విస్కీ వయసు. పీపాలో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, గిడ్డంగి అద్దె పెరుగుతుంది, కాబట్టి 18 సంవత్సరాల సీసా ఖరీదు కావడం సహజమే గాని, కొత్తవారి నాలుక ఆ అదనపు ఏళ్లను పట్టుకోవడం కష్టం. ముదురు రంగును చూసి మోసపోకూడదు, ఎందుకంటే రంగు కోసం కారమెల్ కలపడానికి స్కాచ్ నిబంధనలు అనుమతిస్తాయి. అట్టపెట్టె సంగతి చెప్పనే అక్కరలేదు.

సామగ్రి

గ్లెన్‌కేర్న్ అనే పేరుతో 2001లో వచ్చిన గ్లాసు, అడుగు లావుగా, మూతి సన్నగా ఉండి వాసనను ఒడిసిపడుతుంది. ఎనిమిది మందికి ఐదేసి చొప్పున 40 కొనాలనుకుంటే విస్కీకంటే గ్లాసులకే ఎక్కువ అవుతుంది. మూతి లోపలికి వంగిన చిన్న వైన్ గ్లాసులు ఏవైనా పనికొస్తాయి, మనిషికి రెండు చాలు. మొదటి గ్లాసులోని విస్కీలో కొంచెం మిగిల్చి, రెండోదాన్ని పక్క గ్లాసులో పోసుకుని పోల్చాలి. తరువాత మొదటిది ఖాళీ చేసి, నీళ్లతో కడిగి, అందులో మూడోది పోయాలి. ఇలా ఎప్పుడూ ఒక పాతది, ఒక కొత్తది పక్కపక్కన ఉంటాయి.

కొలతకు ప్రత్యేకమైన పాత్ర అక్కరలేదు. దగ్గు సిరప్ సీసా మీద బోర్లించి ఉండే ప్లాస్టిక్ మూతకు 5, 10, 15 అని గీతలు ఉంటాయి. మందు వాసన పోయేదాకా వేడినీళ్లతో రెండు మూడు సార్లు కడిగి పెట్టుకుంటే, ఎనిమిది గ్లాసుల్లోనూ ఒకే మట్టానికి విస్కీ నిలుస్తుంది. చేతి అంచనాతో పోస్తే మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ఆతిథేయుడి చేయి ఉదారంగా మారుతుంది.

ఇవి కాక, తాగడానికి మంచినీళ్లు, చుక్కలు వేయడానికి చెంచాలు, మిగిలింది పారబోయడానికి ఒక గిన్నె, ఉప్పు తక్కువగా ఉన్న బిస్కెట్లు లేదా ఉత్త బ్రెడ్డు, 1 నుంచి 5 వరకు అంకెలు వేసిన తెల్ల కాగితాలు, పెన్సిళ్లు ఉండాలి. భోజనం ముందే అయి ఉండాలి. కారం, వేపుళ్లు బల్ల మీదికి రాకూడదు. సెంటు పూసుకు రావద్దని అందరికీ ముందే చెప్పాలి, సువాసన కొవ్వొత్తులు వెలిగించకూడదు.

నేను మొదటిసారి ఏర్పాటు చేసినప్పుడు గ్లాసులన్నీ శుభ్రంగా కడిగి, అప్పుడే ఉతికి ఆరిన గుడ్డతో మెరిసేలా తుడిచాను. కాగితాలు చేతికి వచ్చాక చూస్తే, ముగ్గురు ఐదు విస్కీలకూ "పూల వాసన" అని రాశారు. ఐదోది ఐలా మాల్ట్ కావడంతో నాకు అనుమానం వచ్చి, ఖాళీ గ్లాసు ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున కొట్టింది సర్ఫు వాసన. అప్పటి నుంచి గ్లాసులను వేడినీళ్లతో కడిగి బోర్లించి వదిలేస్తున్నాను, గుడ్డ తగలనివ్వడం లేదు.

ఆ రోజు నడిపించవలసిన తీరు

వరుస చాలా ముఖ్యం. తేలికదాని నుంచి బరువైనదానికి, పొగ లేనిదాని నుంచి పొగ ఉన్నదానికి, తక్కువ ఆల్కహాల్ నుంచి ఎక్కువకు వెళ్లాలి. ఐలా మాల్ట్‌ను మధ్యలో పోస్తే దాని తరువాత వచ్చే ప్రతిదీ బూడిద వాసనే వేస్తుంది. సీసాలను కాగితపు సంచుల్లో దాచి, వాటి మీద అంకెలు వేసి, పేర్లు చివరిదాకా చెప్పకుండా ఉంచడం మేలు, ఎందుకంటే ధర తెలిసిన నాలుక ధరనే రుచి చూస్తుంది.

ఆతిథేయుడి ప్రసంగం రెండు నిమిషాలు మించకూడదు. 1494లో జాన్ కోర్ అనే సన్యాసికి మద్యం కాయడానికి మాల్ట్ ఇచ్చినట్టు స్కాట్లాండ్ రాచఖజానా లెక్కల్లో ఉన్న సంగతితో మొదలుపెట్టి వర్తమానం దాకా వచ్చేవారు ఉంటారు. చరిత్ర మంచిదే, కానీ ఈలోగా గ్లాసులోని మొదటి వాసన ఎగిరిపోతుంది.

వాసన చూడటం నేర్పాలి. వైన్ అలవాటున్నవారు ముక్కును గ్లాసులోకి దూర్చి గట్టిగా పీలుస్తారు, 40 శాతం ఆల్కహాల్‌తో అలా చేస్తే ముక్కు మండి కాసేపు ఏమీ పట్టదు. గ్లాసును ముందు గడ్డం దగ్గర పెట్టి, నోరు కొద్దిగా తెరిచి ఉంచి, నెమ్మదిగా పైకి తేవాలి. ఎక్కడ తియ్యదనం తగిలిందో అక్కడ ఆపాలి. తరువాత ఒక చిన్న గుటక. ఈ మొదటి గుటకను బట్టి ఏమీ తేల్చవద్దని ముందే చెప్పండి, అది నోటిని సిద్ధం చేయడానికి మాత్రమే. రెండో గుటకను నాలుక మీద నాలుగైదు క్షణాలు తిప్పి, మింగి, నోరు మూసుకుని ముక్కు ద్వారా గాలి వదిలితే, అప్పటిదాకా దాగి ఉన్న వాసనలు వెనక నుంచి వస్తాయి. ఆ రుచి ఎంతసేపు నిలిచిందో కూడా రాసుకోవాలి.

ఆ తరువాతే నీళ్లు. 15 మిల్లీలీటర్లలో సగం తాగగా మిగిలినదానికి అర చెంచా నీళ్లు కలిపితే 40 శాతం కాస్తా 30 శాతానికి దిగుతుంది, మంట తగ్గి మరికొన్ని వాసనలు తేలుతాయి. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాల సాయంతో, పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువులు నీళ్లు కలిసినప్పుడు ద్రవం పైభాగానికి చేరతాయని చూపారు. నాలుగో, ఐదో గ్లాసుల దగ్గర ఈ ప్రయోగం తప్పక చేయించండి. ఐసు మాత్రం ఆ రోజుకు వద్దు, చల్లదనం వాసనను అణిచేస్తుంది.

ఒక్కో రకానికి 15 నుంచి 20 నిమిషాలు కేటాయించి, అందులో మొదటి మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా రాసుకునేలా చూడాలి. ఈ నియమం చిన్నపిల్లల బడిలా అనిపించినా సడలించవద్దు. గొంతు పెద్దదైన ఒకరు "ఇందులో కొబ్బరి ఉంది" అంటే చాలు, మిగిలిన ఏడుగురికీ కొబ్బరే కనిపిస్తుంది. మూడో గ్లాసు తరువాత పది నిమిషాల విరామం, నీళ్లు, బ్రెడ్డు.

రాయడానికి మాటలు దొరకడం లేదని కొత్తవారు బెంగపడతారు. సీసా వెనక ఉండే వర్ణనలు వల్లించనక్కరలేదు, తమ జ్ఞాపకంలో ఆ వాసన ఎక్కడిదో అక్కడికే వెళ్లమనండి. ఐలా మాల్ట్‌కు ఒకరు "దెబ్బ తగిలితే పూసే అయోడిన్" అని, మరొకరు "ఆసుపత్రి వరండా" అని, ఇంకొకరు "తడిసిన కట్టె మండుతున్నట్టు" అని రాస్తే ముగ్గురూ ఫీనాల్స్‌నే పట్టుకున్నారు. నిజానికి ఈ మాటల వెనక కారణాలు ఉంటాయి. వెనిల్లా వాసన ఓక్ చెక్కలోని లిగ్నిన్ నుంచి పుట్టిన వనిలిన్ వల్ల వస్తుంది, కొబ్బరి వాసన అమెరికన్ ఓక్‌లో ఎక్కువగా ఉండే లాక్టోన్ల వల్ల, మాగిన అరటి, పియర్ పండు వాసనలు పులిసేటప్పుడు ఏర్పడే ఎస్టర్ల వల్ల వస్తాయి. ఈ కారణాలను ఆతిథేయుడు అందరూ చదివి వినిపించిన తరువాత చెప్పాలి, ముందు కాదు.

ఐదూ అయ్యాక, సంచులు తీయకముందే, ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన వరుసను, ఖరీదైనది ఏదని అనుకుంటున్నారో దాన్ని రాయాలి. పేర్లు బయటపెట్టే ఈ ఘట్టంలోనే సందడి అంతా ఉంటుంది. మామూలు బ్లెండ్‌ను ఒకరిద్దరైనా ఖరీదైనదిగా గుర్తించడం నేను పలుమార్లు చూశాను, అలా రాసినవారిని ఎగతాళి చేయనివ్వకండి.

రెండు సీసాలకు మించి కొనలేని పరిస్థితి అయితే

అప్పుడు త్రికోణ పరీక్ష పెట్టండి. ప్రతి ఒక్కరికీ మూడు గ్లాసులు ఇచ్చి, రెండింటిలో ఒకే విస్కీ, మూడోదానిలో వేరొకటి పోసి, వేరుగా ఉన్నది ఏదో చెప్పమనాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు మందికి కుదురుతుంది కాబట్టి, గ్లాసుల వరుస మార్చి రెండు మూడు సార్లు చేస్తేనే ఎవరు నిజంగా పట్టుకున్నారో తెలుస్తుంది. ఇలా చేసేటప్పుడు 10 మిల్లీలీటర్ల చొప్పునే పోయాలి, లేకపోతే మొత్తం పరిమాణం మితిమీరుతుంది. బర్బన్ పీపా మాల్ట్, షెర్రీ పీపా మాల్ట్ జంటతో మొదలుపెడితే అందరూ సులువుగా గట్టెక్కుతారు, ఒకేలాంటి రెండు బ్లెండ్లతో పెడితే అనుభవజ్ఞులు కూడా తడబడతారు.

మిగిలిన విస్కీ

విస్కీ గాజు సీసాలో ముదరదు, పీపా నుంచి బయటికి వచ్చిన రోజుతో దాని వయసు ఆగిపోతుంది. కానీ సగం ఖాళీ అయిన సీసాలోని గాలి నెలల తరబడి దాని వాసనను కొద్దికొద్దిగా తినేస్తుంది. అందుకే పంచుకున్న భాగాన్ని మెడ దాకా నిండే చిన్న సీసాల్లోకి మార్చి, నిలువుగా, ఎండ తగలని చోట ఉంచాలి. పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను పాడు చేస్తుంది. ప్రతి చిన్న సీసా మీద విస్కీ పేరు, ఆ రోజు దానికి ఇచ్చిన అంకె, తేదీ రాసి అంటించండి. రెండో గ్లాసుగా పోసిన బర్బన్ పీపా మాల్ట్‌ను మాత్రం వాటాలు వేయకముందే ఒక 120 మిల్లీలీటర్లు తీసి ఆతిథేయుడి దగ్గరే ఉంచాలి, మరుసటి టేస్టింగ్‌లో కొత్త రకాలన్నింటికీ పక్కన నిలబెట్టి పోల్చే మొదటి గ్లాసు అదే.